డిజైన్ అండ్ మాన్యుఫాక్చరింగ్ చదువు: కాగితం మీద కుదిరింది లేత్ మీద ఎందుకు కుదరదు?

జేఈఈ, ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చి కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో మా కర్నూలు వైపు మెకానికల్ చదివే ప్రతి పిల్లోడికీ ఫోన్లు వస్తుంటాయి. పెద్దమ్మ మనవడికో, పక్కింటి అమ్మాయికో సీటు వచ్చేలా ఉంటుంది, "డిజైన్ అండ్ మాన్యుఫాక్చరింగ్ అని ఉందప్పా, అదేం బ్రాంచి? కంప్యూటర్లో బొమ్మలు గీయడమా, లేక వర్క్‌షాపులో ఇనుము కోయడమా?" అని అడుగుతారు. "మెకానికల్ లాంటిదే పెద్దమ్మా" అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు, చాలామందిమి అదే చేస్తాం.

కానీ ఆ చదువులో చేరినవాళ్లలో చాలామంది రెండో సంవత్సరం దాటేసరికి ఒక చిత్రమైన ఇబ్బందిలో పడతారు. డ్రాయింగ్‌లో మంచి మార్కులే, వర్క్‌షాపు రికార్డూ నీట్‌గానే ఉంటుంది, తీరా ఒక వస్తువు సొంతంగా గీసి చేయించుకురమ్మంటే మాత్రం అది బిగుసుకుపోయి తిరగదు, లేదా వదులై ఊగుతుంది, లేదా లేత్ (కడ్డీని తిప్పుతూ కోసే మెషిను) షాపాయనే "ఇది కాదప్పా" అని కాగితం వెనక్కిచ్చేస్తాడు. పిల్లలకు తెలివి చాలక కాదు. డిజైన్ పేపరుకీ తయారీ పేపరుకీ మధ్యన ఉండాల్సిన ఒక సంగతి సిలబస్‌లో అక్కడక్కడా చెదిరిపోయి ఉంటుంది, దాన్ని ఎవరూ ఒకచోటికి చేర్చి చెప్పరు. గీసిన కొలతకీ చేసిన కొలతకీ ఎంత తేడా రావచ్చు, ఆ తేడాని ఎవరు భరించాలి అన్నదే ఆ సంగతి.

ముందు పేర్ల గందరగోళం: ఏ ట్రిపుల్ ఐటీ?

రాయలసీమలో "ట్రిపుల్ ఐటీ" అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది కడప జిల్లా ఇడుపులపాయ. అది ఆర్జీయూకేటీ, 2008లో వచ్చింది, పదో తరగతి మార్కులతో తీసుకుని ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్లు చదివించే రాష్ట్ర విశ్వవిద్యాలయం. కర్నూలు బయట జగన్నాథగట్టు మీద ఉన్నది వేరు. అది ఐఐఐటీడీఎం, కేంద్ర ప్రభుత్వ సంస్థ, 2015లో మొదలైంది (తొలి రోజుల్లో తరగతులు కాంచీపురం క్యాంపస్‌లో నడిచాయి), జేఈఈ మెయిన్ ర్యాంకుతో జోసా కౌన్సెలింగ్ ద్వారా చేరాలి. పేరు చివర ఉన్న డీ, ఎం అక్షరాలే ఈ డిజైన్, మాన్యుఫాక్చరింగ్. జబల్‌పూర్, కాంచీపురం తర్వాత ఆ కోవలో వచ్చిన సంస్థ ఇది. అందులో కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ బ్రాంచీలూ ఉన్నాయి, కాబట్టి అక్కడ సీటొచ్చిన ప్రతివాళ్లూ మెకానికల్ అనుకోనక్కర్లేదు.

మూడోది మామూలు ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్ బ్రాంచి. ఇది మా ప్రాంతానికి కొత్తేం కాదు. అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీ 1946లో మద్రాసు గిండీలో సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్‌తో మొదలై 1948లో అనంతపురం వచ్చింది. పేరేదైనా, ఏ బోర్డు తగిలించుకున్నా, కింద చెప్పబోయే చిక్కు అన్నిచోట్లా ఒకటే.

డిజైన్ అంటే క్యాడ్ కాదు: బుడ్డలు ఒలిచే మిషను లెక్క

క్యాడ్ సాఫ్ట్‌వేర్ వస్తే డిజైన్ వచ్చినట్టే అనే భ్రమ బాగా ఉంది. ఊళ్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు కూడా ఆ భ్రమని బాగానే పెంచుతాయి. క్యాడ్ అనేది కంప్యూటర్లో గీసే పనిముట్టు. డిజైన్ అంటే ఏ అంకె వేయాలో, ఎందుకు వేయాలో తేల్చడం.

మా జిల్లాల్లో ఫైనలియర్ ప్రాజెక్టుగా ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకునే విషయమే ఉదాహరణకు తీసుకుందాం: చేత్తో తిప్పి బుడ్డలు (వేరుశనక్కాయలు) ఒలిచే చిన్న మిషను. లోపల ఒక డ్రమ్ము, దాని మీద బద్దీలు, కింద సగం గుండ్రంగా వంచిన జల్లెడ. పైనుంచి కాయలు పోస్తే బద్దీకీ జల్లెడకీ మధ్య నలిగి పొట్టు పగులుతుంది, గింజ కింద పడుతుంది. వినడానికి ఇంతే. ఇప్పుడు అసలు ప్రశ్న: బద్దీకీ జల్లెడకీ మధ్య సందు ఎంత? తక్కువైతే గింజ పగిలి పప్పు బద్దలవుతుంది, విత్తనానికి పనికిరాదు. ఎక్కువైతే కాయ కాయలాగే బయటికొస్తుంది. పైగా కాయ సైజు రకాన్ని బట్టి మారుతుంది. కదిరి-6 వేసిన రైతు కాయా, కదిరి లేపాక్షి వేసిన రైతు కాయా ఒకే కొలతలో ఉండాలని ఎక్కడా లేదు, ఒకే చేలో కాయలే ఒక సైజులో ఉండవు.

ఆ సందు 18 మి.మీ. అని తేల్చామనుకుందాం. క్యాడ్‌లో 18 అని కొడితే 18.000 వస్తుంది, స్క్రీన్ మీద ఎప్పుడూ సరిగ్గా 18 ఉంటుంది. ఇనుములో మాత్రం ఉండదు. డ్రమ్ము కొంచెం వంకర, షాఫ్టు (డ్రమ్ముని తిప్పే కడ్డీ) కొంచెం పక్కకి, వెల్డింగ్ వేడికి ఫ్రేము గుంజుకుని ఒక మూల పైకి లేస్తుంది, ఇవన్నీ కలిసి ఒకవైపు 16, ఇంకోవైపు 20 అయి కూర్చుంటుంది. విద్యార్థి దృష్టిలో అది "షాపోడు సరిగ్గా చేయలేదు". షాపాయన దృష్టిలో అది "ఎంత తేడా పర్లేదో నువ్వు రాయలేదు కదా". నిజం చెప్పాలంటే రెండో మాటకే బలం ఎక్కువ.

25 మి.మీ. అంటే ఎంత? టాలరెన్స్ అసలు కథ

పర్లేదు అనుకునే ఆ తేడా పేరే టాలరెన్స్. పుస్తకంలో హెచ్7, కె6 లాంటి గుర్తులు కనిపిస్తాయి, వాటిని చూసి భయపడి బట్టీ పట్టేవాళ్లే ఎక్కువ. ఒక్క లెక్క చేస్తే భయం పోతుంది.

మన మిషనుకి 25 మి.మీ. షాఫ్టు, రెండు చివర్లా 6205 నంబరు బేరింగులు అనుకుందాం. ఆ బేరింగు లోపలి రంధ్రం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15. లోపలి రంధ్రం కూడా ఖచ్చితంగా 25 ఉండదు, మామూలు రకం బేరింగులో 24.990 నుంచి 25.000 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. షాఫ్టుకి కె6 అని రాస్తే దాని కొలత 25.002 నుంచి 25.015 మధ్య ఉండాలి. అంటే షాఫ్టు ఎప్పుడూ రంధ్రం కంటే కాస్త పెద్దదే. అన్నిటికంటే తక్కువ బిగువు 0.002, ఎక్కువ బిగువు 0.025 మి.మీ. నొక్కి ఎక్కించాలి, ఎక్కిన తర్వాత షాఫ్టు మీద బేరింగు జారదు. ఆ గుర్తులో అక్షరం ఈ పట్టీ (చెల్లే కొలతల హద్దు) 25కి పైన ఉందా కింద ఉందా చెప్తుంది, అంకె పట్టీ ఎంత వెడల్పో చెప్తుంది. ఇంతే.

ఇప్పుడు ఆ పట్టీ వెడల్పు చూడండి: 25.015 లోంచి 25.002 తీసేస్తే 0.013 మి.మీ. మన ల్యాబుల్లో చేతికిచ్చే వెర్నియర్ కాలిపర్స్ లీస్ట్ కౌంట్ (అది చూపగల అతి చిన్న తేడా) 0.02. అంటే విద్యార్థి తన డ్రాయింగ్ మీద దర్జాగా రాసిన కొలతని తన చేతిలో ఉన్న పనిముట్టుతో కొలవనే లేడు. మైక్రోమీటర్ తీస్తే లీస్ట్ కౌంట్ 0.01, దానితోనూ ఆ పట్టీలో ఒకటి రెండు గీతలకంటే పట్టవు. పరిశ్రమలో గంటకి వందల ముక్కలు వచ్చేచోట ఎవరూ ఇలా గీతలు లెక్కపెట్టరు, గో, నో-గో అనే గేజులు వాడతారు. హెచ్7 రంధ్రానికైతే ఒక వైపు 25.000 పిన్ను దూరాలి, ఇంకోవైపు 25.021 పిన్ను దూరకూడదు. అవునా కాదా, అంతే సమాధానం.

మా ప్రాంతానికే చెందిన చిక్కు ఇంకోటుంది, ఎండ. కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెల్లుతాయని అంతర్జాతీయ ప్రమాణం. మే నెలలో కర్నూలులో రేకుల షెడ్డులో 42 డిగ్రీలు అనుకోండి. 25 మి.మీ. అల్యూమినియం ముక్క ఆ 22 డిగ్రీల తేడాకి సుమారు 0.0127 మి.మీ. పెరుగుతుంది. పైన చెప్పిన పట్టీ మొత్తం 0.013, గుర్తుందిగా. అయితే చేతిలో ఉన్న స్టీలు మైక్రోమీటర్ కూడా అదే వేడికి పెరుగుతుంది కాబట్టి కొలతలో కనిపించే తప్పు దాంట్లో సగం, 0.006 దాకా ఉంటుంది. ఇనుప ముక్కని ఇనుప పనిముట్టుతో కొలిస్తే రెండూ దాదాపు సమానంగా పెరిగి తప్పు తెలియకుండా పోతుంది. మెట్రాలజీ (కొలతలు తీసే) ల్యాబుకి ఏసీ ఎందుకు పెడతారో ఇక్కడ అర్థమవుతుంది. మేమైతే సార్ల కోసం అనుకునేవాళ్లం.

మరి అన్నిటికీ కె6 రాసేస్తే పోలా? పోదు. ఆ పట్టీలో నమ్మకంగా రావాలంటే మామూలు లేత్ సరిపోదు, గ్రైండింగ్ (రాతి చక్రంతో సన్నగా అరగదీయడం) కావాలి, అంటే ఇంకో మెషిను, ఇంకో సెట్టింగు, ఇంకో బిల్లు. దీనికి బదులు బజార్లో దొరికే యూసీపీ205 అనే బేరింగు తీసుకుంటే సంగతే మారిపోతుంది. అది ఇనుప గూడుతో సహా వస్తుంది, రెండు బోల్టులతో ఫ్రేముకి బిగిస్తే చాలు, లోపలి బేరింగు కాస్త అటూ ఇటూ వాలుతుంది కాబట్టి వెల్డింగ్‌కి ఫ్రేము కొంచెం వంగినా సర్దుకుంటుంది, షాఫ్టుని గ్రబ్ స్క్రూలతో (తల లేని చిన్న స్క్రూలు) పట్టుకుంటుంది. చిన్నక్షరం హెచ్9 (h9, షాఫ్టుల గుర్తు) పట్టీలో ఉన్న 25 మి.మీ. బ్రైట్ బారు (నునుపు కడ్డీ), అంటే 25 కంటే 0.052 దాకా తక్కువ ఉన్నది కూడా, నేరుగా దూర్చేయొచ్చు, గ్రైండింగ్ అక్కర్లేదు. వేగంగా తిరిగే మోటారుకైతే ఈ ఏర్పాటు ఒప్పుకోరు. చేత్తో తిప్పే బుడ్డల మిషనుకి ఇదే సరైన డిజైన్. బేరింగు ఎంచుకోవడం "డిజైన్" పేపర్లో ఉంటుంది, గ్రైండింగ్ ఖర్చు "మాన్యుఫాక్చరింగ్" పేపర్లో ఉంటుంది. నిర్ణయం మాత్రం ఒక్కటే.

తప్పులు కూడుకుంటే: రెండు రకాల లెక్కలు

షాఫ్టు మీద 10 మి.మీ. స్పేసర్లు (మధ్యన ఎడం ఉంచే రింగులు) ఐదు వరసగా ఎక్కించామనుకుందాం, ఒక్కోదానికి ±0.1 తేడా రాశాం. మొత్తం 50. తేడా ఎంత?

జాగ్రత్తపరుల లెక్క: అన్నీ పెద్దవే పడొచ్చు, అన్నీ చిన్నవే పడొచ్చు, కాబట్టి ±0.5. దీన్ని వరస్ట్ కేస్ అంటారు. రెండో లెక్క: ఐదూ ఒకేసారి ఒకే వైపు చివరికి పడటం చాలా అరుదు, కాబట్టి ఒక్కో తేడా వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 0.1 వర్గం 0.01, ఐదు కలిపితే 0.05, దాని వర్గమూలం 0.224. అంటే ±0.22 అనుకుంటే దాదాపు అన్ని మిషన్లూ సరిపోతాయి, ఎప్పుడో ఒకటి తప్పుతుంది.

ఏది సరైనది అని పరీక్షలో అడుగుతారు, బయట కూడా వాదించుకుంటారు. మొదటి పద్ధతి వాళ్లు బ్రేకులు, విమానాలు లాంటివి చూపించి "ఎప్పుడో ఒకటి" కూడా తప్పకూడదంటారు. అది కాదనలేం. రెండో పద్ధతి వాళ్లు వేలల్లో చేసే ఫ్యాక్టరీలో ప్రతి కొలతనీ వరస్ట్ కేస్‌కి బిగిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుందంటారు, అదీ నిజమే. కాకపోతే రెండో లెక్క చెల్లాలంటే తయారీ నిలకడగా ఉండాలి, కొలతలు మధ్య విలువ చుట్టూ పడుతుండాలి, ముక్కలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తప్పాలి. ఒకే రోజు ఒకే మనిషి ఒకే టూల్‌తో కోసిన ఐదు స్పేసర్లు అన్నీ ఒకేవైపు తప్పుతాయి. కాలేజీ ప్రాజెక్టుకి గణాంకాలు తేవడం అందుకే అతకదు.

ఇక్కడ మూడో దారి ఒకటుంది, అది లెక్కల పుస్తకంలో కనిపించదు. మన జల్లెడ సందుకే వద్దాం. 18 ± 0.5 సాధించడానికి తంటాలు పడే బదులు జల్లెడ బిగించే రంధ్రాలని గుండ్రంగా కాకుండా నిలువు స్లాటుగా కోస్తే చాలు. రైతు బోల్టు వదులు చేసి, తన కాయకి తగ్గట్టు సందు జరుపుకుని, బిగించుకుంటాడు. ఒక్క స్లాటుతో ఫ్రేము వంకర, డ్రమ్ము వంకర, కాయ రకం మూడూ సర్దుబాటు అయిపోయాయి. టాలరెన్స్ బిగించకుండా దాని అవసరమే తీసేయడం అన్నమాట. నా లెక్కలో నాలుగేళ్ల చదువులో మంచి డిజైన్ అని చెప్పదగ్గ ఆలోచనలు ఇలాంటివే, వీటికి క్యాడ్‌లో బటన్ ఉండదు.

ఆకారం ఎవరు నిర్ణయిస్తారు: మడత రేకు దగ్గర చూసింది

గీయగలిగిందల్లా చేయలేం. మిల్లింగ్ కట్టరు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అది కోసిన గుంటలో లోపలి మూలలు నాలుగూ గుండ్రంగానే వస్తాయి. 10 మి.మీ. కట్టరైతే మూలలో కనీసం 5 మి.మీ. గుండ్రం మిగులుతుంది. క్యాడ్‌లో మాత్రం మూల కత్తిలా గీసేయొచ్చు, అది ఏమీ అనదు. పోత పోసేటప్పుడు లోహం చల్లారి కుంచించుకుపోతుంది, పోత ఇనుముకైతే మీటరుకి సుమారు 10 మి.మీ., అందుకే 200 మి.మీ. వస్తువుకి నమూనా 202 చేస్తారు, దర్జీ కుట్టుకి గుడ్డ వదిలినట్టు. త్రీడీ ప్రింటర్ పొరల మీద పొరలు వేస్తుంది కాబట్టి పొరలు విడిపోయే దిశలో లాగితే వస్తువు తేలిగ్గా విరుగుతుంది, రంధ్రాలు గీసినదానికంటే కాస్త చిన్నవి వస్తాయి.

ఇవన్నీ పుస్తకాల్లో దొరికేవే. మడత రేకు సంగతి మాత్రం దగ్గర్నుంచి చూడాల్సిందే. కర్నూలులో కల్లూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ఒక షాపుకి మా జూనియర్ ఒకడు ఎల్ ఆకారం క్లిప్పు డ్రాయింగ్ తెచ్చాడు, 2 మి.మీ. రేకు, రెండు వైపులా బయటి కొలత 50, మూల లోపలి గుండ్రం 2. పక్కన "100 పొడవు పట్టీ కోయాలి" అని రాసుకొచ్చాడు. షాపాయన చూసి, "ఏమప్పా, యాభై యాభై కలిపితే నూరేనా? మడత ఏమయింది?" అన్నాడు. వీడు "అన్నా, నూరే కదా" అని నిలబడ్డాడు. ఆయన వాదించలేదు. తుక్కులోంచి అదే మందం రేకు తీసి సరిగ్గా 100 పట్టీ కోసి, మడిచి, రెండు కాళ్లూ కొలిచి చూపించాడు. రెండూ కలిపి 103న్నర వచ్చింది. "నూరు కావాలంటే మూడున్నర తగ్గించు, తొంభై ఆరున్నర కొయ్యి" అన్నాడు.

అదే లెక్క పుస్తకం దారిలో చేద్దాం. మూల గుండ్రం 2, మందం 2, కాబట్టి ప్రతి కాలులో తిన్నగా ఉండే భాగం 50 − 4 = 46. రెండు కాళ్లకి 92. మడత భాగంలో బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది, సాగకా నొక్కుకోకా ఉండే గీత లోపలి అంచు నుంచి మందంలో సుమారు 0.44 వంతు దూరంలో ఉంటుంది. 90 డిగ్రీలకి ఆ గీత పొడవు 1.5708 × (2 + 0.88) = 4.52. మొత్తం 96.52.

రెండు దారులూ ఒకే అంకెకి చేరాయి. ఆయనకి ఆ 0.44 గురించి తెలియాల్సిన పని లేదు, తన మెషిను, తన డై (రేకు మడిచే అచ్చు), తన రేకు తెలుసు. పుస్తకం తెలిసినవాడికి రేకు మందం మారినా షాపుకి వెళ్లకుండానే లెక్క వస్తుంది, కాకపోతే ఆ 0.44 రేకుని బట్టీ డైని బట్టీ మారుతుంది, మారిందో లేదో చివరికి ఒక పట్టీ మడిచి చూస్తేనే తేలుతుంది. "ప్రాక్టికల్ ముఖ్యమా, థియరీ ముఖ్యమా" అని స్టేజీల మీద వాదించేవాళ్లు ఒక్కసారి ఈ రేకు ముక్క చూసి మాట్లాడితే బాగుంటుంది.

ఎన్ని చేస్తున్నామో తెలియకుండా ఎలా చేయాలో తేల్చలేం

మిషను తిప్పే పిడికి ప్లాస్టిక్ తొడుగు కావాలి. త్రీడీ ప్రింట్ చేస్తే ఒక్కోటి 60 రూపాయలు, అచ్చు చేయించి ఇంజెక్షన్ మోల్డింగ్‌లో తీస్తే ఒక్కోటి 6 రూపాయలు, కానీ అచ్చుకే 3 లక్షలు అనుకుందాం (లెక్క కోసం వేసుకున్న ధరలు). ముక్కకి 54 రూపాయలు మిగులుతుంది, 3,00,000ని 54తో భాగిస్తే దాదాపు 5,556. అంతకు తక్కువ చేస్తే ప్రింటే చవక, ఎక్కువైతే అచ్చు. "త్రీడీ ప్రింటింగ్ వచ్చాక పాత తయారీ పద్ధతులు పోతాయి" అనే మాటకి ఈ భాగహారమే జవాబు. పదో పాతికో కావాల్సినచోట, లోపల మెలికలు తిరిగే ఆకారాలు కావాల్సినచోట ప్రింటింగ్‌ని మించింది లేదు. లక్షల్లో కావాల్సిన సీసా మూతలకి అది పనికిరాదు.

అచ్చుతో ఇంకో ముడి ఉంది. అచ్చు ఒకసారి కోశాక దాంట్లోంచి లోహం ఇంకొంచెం తీయడం సులువు, తీసింది తిరిగి పెట్టడం కష్టం, వెల్డ్ చేసి మళ్లీ కోయాలి. అందుకే అనుమానం ఉన్న కొలతల దగ్గర అచ్చులో లోహం ఎక్కువే ఉంచి, నమూనా చూసుకుని తర్వాత కోసుకుంటారు. డిజైన్ చేసేవాళ్లలో రెండు వర్గాలున్నాయి. "ముందే తయారీ గురించి ఆలోచిస్తే ఊహ కుదించుకుపోతుంది, ముందు స్వేచ్ఛగా గీయనివ్వండి" అని కొందరు, "డ్రాయింగ్ దశలో రబ్బరుతో తుడిచే తప్పు అచ్చు దశలో లక్షలవుతుంది, ముందే షాపువాళ్లని కూర్చోబెట్టండి" అని ఇంకొందరు. కొత్త వస్తువు పుట్టే తొలి దశలో మొదటివాళ్ల మాటలో పస ఉంది. డబ్బు ఖర్చవడం మొదలయ్యాక రెండోవాళ్లదే పైచేయి.

కోర్సులో ఇది ఎక్కడ తెగిపోతుంది?

ఫస్టియర్‌లో ఇంజనీరింగ్ గ్రాఫిక్స్, వర్క్‌షాపు. తర్వాత మాన్యుఫాక్చరింగ్ ప్రాసెసెస్, మెషిన్ డ్రాయింగ్. ఆ పైన మెషిన్ డిజైన్, మెట్రాలజీ. ఆఖర్న ప్రాజెక్టు. కాలేజీని బట్టి సెమిస్టర్ అటూ ఇటూ అవుతుంది గానీ వరస దాదాపు ఇదే. ఒక్కో పేపరు ఒక్కో సార్ చెప్తారు, ఒక్కో ల్యాబుకి ఒక్కో రికార్డు. షాఫ్టు వ్యాసం లెక్కకట్టే పేపర్లో దాన్ని ఎలా కొలుస్తామో ఉండదు, కొలిచే పేపర్లో ఆ కొలత ఎందుకు కావాల్సొచ్చిందో ఉండదు. ముక్కలన్నీ కలిసేది ప్రాజెక్టులోనే, అప్పటికి సగం మంది ప్లేస్‌మెంట్ టెన్షన్‌లో ఉంటారు.

దీని మీద ఎప్పుడూ నడిచే తగువు ఫిట్టింగ్ సెక్షన్ గురించి. ఇనుప పలకని వైస్‌లో బిగించి, ఆకురాయితో చేతులు బొబ్బలెక్కేలా రాకి, ట్రై స్క్వేర్ పెట్టి వెలుతురు కనిపిస్తోందా అని చూసుకుని, మళ్లీ రాకే ఆ పని ఈ రోజుల్లో ఎందుకని అడిగేవాళ్ల వాదన తీసేయదగ్గది కాదు. ఇంజనీరుగా చేరాక ఎవరూ ఆకురాయి పట్టరు, ఆ గంటలు సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషిను) ప్రోగ్రామింగ్‌కో ప్రింటర్‌కో ఇస్తే పనికొస్తుంది. ఉండాలనేవాళ్లేమో, 0.1 మి.మీ. అంటే ఎంత అనేది వేళ్లకి తెలిసేది అక్కడే, సీఎన్‌సీ దగ్గర బటన్ నొక్కి అద్దం అవతల నిలబడితే లోహం ఎంత మొండిదో తెలియదు అంటారు. లేత్ దగ్గర కూడా అంతే: 30 మి.మీ. మైల్డ్ స్టీలు కడ్డీని నిమిషానికి 30 మీటర్ల కటింగ్ స్పీడుతో తిప్పాలంటే 318 చుట్లు కావాలని సూత్రం చెప్తుంది, గేరు పెట్టె మీద దగ్గరి అంకె 300 అయినా 340 అయినా దాన్నే పెట్టుకోవాలి, కోసిన పొర నీలంగా కాలి వస్తుంటే వేగం తగ్గించాలని మాత్రం కళ్లే చెప్పాలి. నా మటుకు ఆకురాయి ఉండాలి, కానీ ఒక సెమిస్టరంతా అదే జాయింటు, అదే రికార్డు అక్కర్లేదు. చేసిన ముక్కని మెట్రాలజీ ల్యాబులో కొలిపించి, వచ్చిన తేడాని డ్రాయింగ్ మీద వాళ్ల చేతే రాయిస్తే ఆ బొబ్బలకి అర్థం ఉంటుంది.

ఉద్యోగాలు: రెండు వైపుల మాటలూ

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంటు 2019లో కార్లు బయటికి తెచ్చింది. అప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైంది, చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప దగ్గర కొప్పర్తి పారిశ్రామిక కేంద్రాలకి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. ఇవి చూసి "ఇక కోర్ బ్రాంచీలకి మంచి రోజులే" అనేవాళ్లున్నారు. ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన అక్కడ డిజైన్ ఉద్యోగాలు రావు, కార్ల డిజైన్ జరిగేది వేరేచోట, ఇక్కడ వచ్చేవి ప్రొడక్షన్, క్వాలిటీ, మెయింటెనెన్స్, మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి ముందు చెప్పుకోలేనంత తక్కువ ఉంటుంది, షిఫ్టులు ఉంటాయి అని నిరుత్సాహపరిచేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెప్పే వివరాల్లో అబద్ధం లేదు. అయితే క్వాలిటీలో రోజూ చేసే పని పైన చూసిన టాలరెన్స్ పనే, టూల్ రూములో జరిగేది పైన చూసిన అచ్చుల పనే. క్యాడ్ ఒక్కటే నేర్చుకుని డిజైన్ కంపెనీకి వెళ్లినవాళ్లకంటే రెండు మూడేళ్లు అక్కడ గడిపి డిజైన్‌కి మారినవాళ్ల డ్రాయింగులు షాపు నుంచి వెనక్కి రావడం తక్కువ. అలా మారే అవకాశం అందరికీ దొరుకుతుందని మాత్రం చెప్పలేం.

ఈ కంపెనీల ఇంటర్వ్యూల్లో సాఫ్ట్‌వేర్ కమాండ్ల కంటే ముందు ఒక షాఫ్టు డ్రాయింగ్ చేతికిచ్చి "దీన్ని ఎక్కడ పట్టుకుని కోయడం మొదలుపెడతావు?" అని అడిగితే ఆశ్చర్యపడక్కర్లేదు. డ్రాయింగ్‌లో రెండు చివర్లా బేరింగు కూర్చునే చోట్లుంటాయి. ఒక చివర చక్‌లో (లేత్ మీద కడ్డీని బిగించే పట్టు) పట్టుకుని ఇంకో చివర కోసి, తర్వాత తిప్పి పట్టుకుని మొదటిది కోస్తే విడివిడిగా రెండు వ్యాసాలూ సరిగ్గానే వస్తాయి, మైక్రోమీటర్ కూడా సరేనంటుంది. కానీ ఆ రెండు చోట్ల నడిమధ్యన పోయే అక్షాలు ఒకే వరసలో ఉండవు, మిషనులో బిగించాక షాఫ్టు ఊగుతుంది. అదే రెండు చివర్లా సెంటర్లు (నడిమధ్యన చిన్న గుంటలు) వేసుకుని, ఆ సెంటర్ల మధ్యే షాఫ్టుని నిలబెట్టి రెండు చోట్లూ కోస్తే, మధ్యలో తిప్పి పెట్టినా అక్షం మారదు. ఈ జవాబు డిజైన్ పేపర్లోదా, మాన్యుఫాక్చరింగ్ పేపర్లోదా అని ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడగరు.